డిజిటల్ సింథసైజర్‌లో ప్రత్యక్ష ధ్వని

మైకు ముందు అప్పటికప్పుడు పుట్టే గొంతునో వాద్యనాదాన్నో డిజిటల్ సింథసైజర్‌లోకి పంపి, అక్కడికక్కడే దాని రూపు మార్చి వినిపించే పద్ధతి ఈ వ్యాస విషయం. మామూలు సింథసైజర్ తన ధ్వనిని తానే పుట్టించుకుంటుంది. మీట నొక్కితే లోపలి ఆసిలేటర్ మోగుతుంది, ఫిల్టర్ దాన్ని చెక్కుతుంది, బయటికి స్వరం వస్తుంది. 1983లో వచ్చి ప్రపంచమంతా పాకిన యమహా డీఎక్స్7 ఇలాంటిదే. దానికి బయటి ధ్వనిని తీసుకునే దారే లేదు. ప్రత్యక్ష ధ్వనిని తీసుకునే యంత్రం సంగతి వేరు. అది పలకడానికి ముందు వినాలి. వచ్చినది గొంతా, డప్పా, స్వరం ఎక్కడ మొదలైంది, ఏ శ్రుతిలో ఉంది, ఎంత గట్టిగా ఉంది అన్నవి లెక్కగట్టాకే చాలా పద్ధతుల్లో తన పని మొదలుపెట్టగలదు. ఈ రంగంలోని చిక్కుల్లో చాలావరకు ఆ వినడంలోనే ఉన్నాయి. తెలుగువారి పాట, డప్పు, వీణ ఆ చిక్కులను మరింత స్పష్టంగా బయటపెడతాయి.

పెద్దపల్లి జిల్లాలో రామగిరి, సెంటినరీ కాలనీ, యైటింక్లయిన్ కాలనీ, గోదావరిఖని, రామగుండం వరుసగా ఉన్న బొగ్గు బాయిల ప్రాంతం ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన చోటు. పెళ్లి బరాత్‌లో, బతుకమ్మ ఆటలో, ఏటా డిసెంబరు 23న జరిగే సింగరేణి దినోత్సవ వేదికల మీద డప్పు, డోలు, కీబోర్డు, ప్యాడు, గాయకుల మైకులు ఒకే మిక్సర్‌లోకి చేరతాయి. తెలంగాణ ఉద్యమ కాలంలో ధూంధాం వేదికలు ఈ కలయికను ఊరూరికీ అలవాటు చేశాయి. తోలు, గొంతు, విద్యుత్తు మూడూ కలిసే ఇలాంటి వేదిక మీద ప్రత్యక్ష ధ్వని ప్రక్రియ ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ తడబడుతుంది అన్నది తేలిగ్గానే కనిపిస్తుంది.

ధ్వని అంకెలుగా మారడం

మైకు గాలి కదలికను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. కన్వర్టర్ ఆ సంకేతాన్ని సెకనుకు 44,100 సార్లో 48,000 సార్లో కొలిచి అంకెలుగా రాస్తుంది. ఒక్కో కొలతను శాంపిల్ అంటారు. 16 బిట్ల కొలతకు 65,536 మెట్లుంటాయి, 24 బిట్లకు కోటీ అరవై ఏడు లక్షలకు పైగా ఉంటాయి. ఒక పౌనఃపున్యాన్ని నమ్మకంగా పట్టాలంటే దానికి రెట్టింపు కన్నా ఎక్కువ వేగంతో కొలవాలన్న సూత్రానికి హ్యారీ నైక్విస్ట్ 1928లో పునాది వేశాడు. క్లాడ్ షానన్ 1949లో దానికి పూర్తి రూపమిచ్చాడు. మనిషి చెవి దాదాపు 20,000 హెర్ట్జ్ వరకే వింటుంది కాబట్టి 44,100 సరిపోతుంది. కొలత వేగంలో సగానికి మించిన పౌనఃపున్యాలను కొలతకు ముందే ఫిల్టర్‌తో తీసేయాలి. లేదంటే అవి కిందికి మడతపడి, పాటలో లేని స్వరాలుగా వినిపిస్తాయి.

కంప్యూటర్ శాంపిళ్లను ఒక్కొక్కటిగా కాక గుత్తులుగా తీసుకుంటుంది. 48,000 వేగంలో 128 శాంపిళ్ల గుత్తి నిండడానికి సుమారు 2.7 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి ఒక గుత్తి, బయటికి ఒక గుత్తి, నడుమ కన్వర్టర్ల సమయం కలిస్తే గొంతు తిరిగి స్పీకర్‌కు చేరేసరికి ఆరు నుంచి పది మిల్లీసెకన్లు గడిచిపోతాయి. దీన్నే లేటెన్సీ అంటారు. గాలి కూడా తన వంతు ఆలస్యం కలుపుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు పోయే ధ్వని, రామగుండం మే నెల 45 డిగ్రీల ఎండలో సుమారు 358 మీటర్లు పోతుంది. మూడు మీటర్ల దూరంలోని మానిటర్ స్పీకర్ నుంచి గాయకుడి చెవికి ఎనిమిది మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. రెండు ఆలస్యాలూ కలిసి పదిహేను, ఇరవైకి చేరితే డప్పు వాయించేవాళ్లు వెంటనే పసిగడతారు. పాడేవాళ్లకు మొదట కారణం తెలియకపోయినా తాళం బరువెక్కినట్టు అనిపిస్తుంది. అందువల్ల వేదిక మీద పనికొచ్చే యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు ధ్వని నాణ్యత కన్నా ముందు ఈ ఆలస్యాన్ని చూడాలి.

లోపలికి వచ్చిన ధ్వనిని మలచే తీరులు

అన్నిటికన్నా సులువైన తీరులో బయటి ధ్వనిని ఆసిలేటర్ స్థానంలో కూర్చోబెడతారు. ఆ తర్వాత ఫిల్టర్, ఎన్వలప్ (ధ్వని బలం కాలంతో మారే తీరు), డిలే అన్నీ మామూలుగానే నడుస్తాయి. కోర్గ్ సంస్థ 1978 నాటి అనలాగ్ యంత్రం ఎంఎస్-20లోనే బయటి సంకేతానికి దారి ఇచ్చింది. డిజిటల్ తరంలో 1997 నాటి యాక్సెస్ వైరస్, 1998 నాటి నార్డ్ మాడ్యులర్ ఆ దారిని విస్తరించాయి. ఈ తీరులో రింగ్ మాడ్యులేషన్ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. 200 హెర్ట్జ్ స్వరాన్ని 300 హెర్ట్జ్ తరంగంతో గుణిస్తే అసలు రెండూ మాయమై 500, 100 హెర్ట్జ్‌లు మిగులుతాయి. మనిషి గొంతులోని స్వరాంశాలన్నిటికీ ఇలాగే జరిగేసరికి లోహపు గంట మోగినట్టు వినిపిస్తుంది. ఇక్కడ యంత్రం గొంతును అర్థం చేసుకోవలసిన పని లేదు. లెక్క చేసి వదిలేస్తుంది. అందుకే ఇది తప్పకుండా పనిచేస్తుంది.

రెండో తీరు వోకోడర్. బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హోమర్ డడ్లీ 1928 నుంచి దీని మీద పనిచేశాడు. ఆయన ఉద్దేశం సంగీతం కాదు. టెలిఫోను తీగ మీద గొంతును తక్కువ చోటులో ఇరికించి పంపాలనుకున్నాడు. గొంతును పౌనఃపున్యాల పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీ ఎంత గట్టిగా ఉందో మాత్రమే కొలిచి పంపిస్తే అవతలి వైపు ఆ కొలతలతో గొంతును మళ్లీ కట్టవచ్చన్నది ఆయన ఆలోచన. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఆయన బృందం వోడర్ అనే మాట్లాడే యంత్రాన్ని చూపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల నాయకుల రహస్య సంభాషణల కోసం 1943లో నెలకొల్పిన సిగ్‌సాలీ వ్యవస్థకు ఆధారం ఇదే. అందులో గొంతును పది పట్టీలుగా కోసి, అంకెలుగా మార్చి, సంకేతలిపితో కప్పి పంపేవారు. ఒక్కో కేంద్రంలోని పరికరాల బరువు 50 టన్నులకు పైగా ఉండేది. గొంతును అంకెలుగా మార్చి దూరానికి పంపిన తొలి వ్యవస్థల్లో ఇదొకటి. సంగీతంలో వోకోడర్‌ను వెండీ కార్లోస్ 1971 నాటి సినిమా ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ సంగీతంతో జనానికి పరిచయం చేసింది. జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ 1974 నుంచి దాన్ని తన ముద్రగా చేసుకుంది. ఈనాడు చిన్న ఆర్కెస్ట్రాల చేతికి కూడా అందే రూపాలకు 2002లో వచ్చిన మైక్రోకోర్గ్ నమూనా. దానితో పాటే వంగే మెడ ఉన్న మైకు వస్తుంది, లోపల 8 పట్టీల వోకోడర్ ఉంటుంది. రోలండ్ జూనో-డీఎస్ వంటి కీబోర్డుల్లోనూ మైకు దారి, వోకోడర్ ఉన్నాయి.

వోకోడర్‌కు రెండు ధ్వనులు కావాలి. గొంతు మాటల ఆకారాన్ని ఇస్తుంది, కీబోర్డు మీద నొక్కిన స్వరం నాదాన్ని ఇస్తుంది. యంత్రం గొంతులోని పట్టీల హెచ్చుతగ్గులను నాదం మీద అచ్చువేస్తుంది. తెలుగు పాట ఇందులో ఎలా ఒదుగుతుందో చూడటం ఆసక్తికరం. అచ్చులను వేరుచేసేవి ఫార్మెంట్లు, అంటే నోటి ఆకృతి వల్ల బలపడే పౌనఃపున్య ప్రాంతాలు. ‘ఆ’ పలికినప్పుడు మొదటి రెండు ఫార్మెంట్లు 700, 1,200 హెర్ట్జ్‌ల పరిసరాల్లో దగ్గరదగ్గరగా ఉంటాయి. ‘ఈ’లో ఒకటి 300 దగ్గరికి దిగి మరొకటి 2,000 దాటిపోతుంది. ఇంత పెద్ద తేడాలను ఎనిమిది పట్టీలు కూడా సునాయాసంగా పట్టుకుంటాయి. తెలుగు పాటలో పాదాలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కనుక సాగదీసిన చివరలు వోకోడర్‌లో నిండుగా పలుకుతాయి. చిక్కంతా హల్లులతో వస్తుంది. ‘త’కూ ‘ట’కూ, ‘న’కూ ‘ణ’కూ, ‘ల’కూ ‘ళ’కూ ఉన్న తేడా కొద్ది మిల్లీసెకన్ల విస్ఫోటంలోనూ, నాలుక మడతపడినప్పుడు మూడో ఫార్మెంట్ కిందికి దిగడంలోనూ ఉంటుంది. 2,000 హెర్ట్జ్ పైన రెండు మూడు పట్టీలే ఉన్న యంత్రం ఆ తేడాను చెరిపేస్తుంది. ‘కల’, ‘కళ’ ఒక్కటైపోయే ప్రమాదం ఉంది. 16 పట్టీల యంత్రం మెరుగు. ఎక్కువ పట్టీలున్న సాఫ్ట్‌వేర్ ఇంకా మెరుగు. దీనితో పాటు శ, స వంటి ఊష్మాలకు విడిగా గాలిశబ్దాన్ని కలిపే ఏర్పాటు ఉండాలి. జానపద గాయకుల స్పష్టమైన ఉచ్చారణే పాటకు ప్రాణమైన చోట వోకోడర్‌ను మూల గాత్రం కింద పలచగా పరచడమే ఉచితం. గాత్రాన్ని తీసేసి దాని స్థానంలో పెడితే పాట పోతుంది.

మూడో తీరు ధ్వనిని ముక్కలు చేసి, ముక్కముక్కలోని పౌనఃపున్యాలను కొలిచి, మార్చి, తిరిగి కట్టడం. 1965లో కూలీ, ట్యూకీ ప్రచురించిన ఫాస్ట్ ఫూరియే ట్రాన్స్‌ఫార్మ్ గణనను వేగవంతం చేసింది. 1966లో ఫ్లానగన్, గోల్డెన్ ప్రతిపాదించిన ఫేజ్ వోకోడర్ దీనికి మూలం. శ్రుతి మారకుండా పాటను సాగదీయడం, వేగం మారకుండా శ్రుతి పెంచడం దీనివల్ల సాధ్యమయ్యాయి. దీనికి మూల్యం సమయం. 44,100 వేగంలో 2,048 శాంపిళ్ల ముక్క అంటే 46 మిల్లీసెకన్లు. ముక్క పెద్దదైతే శ్రుతి కచ్చితంగా తెలుస్తుంది, స్వరం ఎప్పుడు మొదలైందో మసకబారుతుంది. ముక్క చిన్నదైతే దీనికి తలకిందులు. రెండూ ఒకేసారి దొరకవు. ఇది యంత్రం లోపం కాదు, గణితంలోనే ఉన్న హద్దు.

ఈ తీరులన్నిటి మీద ప్రయోగశాలల్లో, కచేరీ మందిరాల్లో ఎంతో కృషి జరిగింది. పారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో జుసెప్పే డి జూన్యో రూపొందించిన 4ఎక్స్ యంత్రంతో పియర్ బూలెజ్ 1981లో ‘రెపాన్స్’ను తొలిసారి వినిపించాడు. అందులో ఆరుగురు ఏకవాద్యకారుల నాదం అప్పటికప్పుడే మారి హాలు చుట్టూ తిరిగేది. ఇలాంటి యంత్రాలు అప్పట్లో సంస్థలకే సొంతం. మిల్లర్ పకెట్ 1996లో ప్యూర్ డేటాను ఉచితంగా విడుదల చేశాక ఆ పని ఎవరి కంప్యూటర్‌లోనైనా చేసుకునే వీలు కలిగింది. మన దేశంలో ఎలక్ట్రానిక్ సంగీతపు తొలి స్టూడియో 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో మొదలైంది. దాన్ని ఏర్పాటు చేసింది అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్.

భూమి పొరల నుంచి గాయకుడి గొంతు దాకా

ప్రత్యక్ష గాత్ర ప్రక్రియలో నేడు అందరి నోటా నలిగే పేరు ఆటో-ట్యూన్. దీని పుట్టుక గని ప్రాంతపు పాఠకులకు దగ్గరగా ఉంటుంది. దీన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ చమురు సంస్థ ఎక్సాన్‌లో భూభౌతిక సంకేతాలను విశ్లేషించిన ఇంజినీరు, ఫ్లూటు వాయించేవాడు కూడా. నేల మీద ప్రకంపన పుట్టించి, అడుగు పొరల నుంచి తిరిగొచ్చే తరంగాలను నమోదు చేసి, వాటిలో ఏది దేని పునరావృతమో తేల్చడం ఆ వృత్తిలోని పని. ఒక సంకేతాన్ని దాని సొంత నకలుతోనే పోల్చుతూ, నకలును కొంచెం కొంచెం జరుపుకుంటూ పోతే, ఎక్కడ రెండూ సరిపోతాయో ఆ జరుపు పునరావృత కాలమవుతుంది. దీన్ని ఆటోకోరిలేషన్ అంటారు. గొంతుకు వర్తింపజేస్తే ఆ కాలమే శ్రుతి. హిల్డెబ్రాండ్ ఈ గణనను బాగా తేలిక చేసి, 1997లో అంటారెస్ సంస్థ తరఫున ఆటో-ట్యూన్‌ను విడుదల చేశాడు. తప్పిన స్వరాన్ని దగ్గరి సరైన స్వరానికి నెమ్మదిగా చేర్చడం దాని ఉద్దేశం. 1998లో షెర్ పాడిన ‘బిలీవ్’లో ఆ చేర్పును క్షణంలో జరిగేలా పెట్టారు. స్వరం నుంచి స్వరానికి జారుడు లేకుండా గెంతే ఆ ధ్వని ఆ తర్వాత ఒక శైలిగా స్థిరపడింది.

బొగ్గు అన్వేషణలోనూ ధ్వనికి చోటుంది. ఇసుకరాతి కన్నా బొగ్గులో ధ్వని నెమ్మదిగా ప్రయాణిస్తుంది కాబట్టి, బోరు రంధ్రంలోకి దించిన పరికరం ఆ వేగాన్ని కొలిచి పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పగలదు. రామగిరి మండలంలో 2014లో మొదలైన అడ్రియాల లాంగ్‌వాల్ వంటి యాంత్రిక గనుల కాలానికి చాలా ముందు నుంచే భూగర్భంలో వినడం ఒక విద్య. బాయిలో పనిస్థలానికి చేరగానే పైకప్పును కడ్డీతో తట్టి చూస్తారు. గట్టి రాయి ఖంగుమంటుంది, విడిన పొర బోలుగా పలుకుతుంది. ప్రాణాలు ఆ తేడా మీద ఆధారపడి ఉంటాయి. డిజిటల్ ధ్వని శాస్త్రంలో దీనికి సరిగ్గా సరిపోయే పద్ధతి కాన్వల్యూషన్. ఒక గదిలో చప్పట్లాంటి క్షణకాలపు ధ్వని చేసి, ఆ గది దానికి ఎలా బదులిచ్చిందో రికార్డు చేస్తారు. ఆ బదులును ప్రత్యక్షంగా వచ్చే గొంతుతో గణితపరంగా కలిపితే, గాయకుడు ఆ గదిలోనే నిలబడి పాడినట్టు వినిపిస్తుంది. ఆలస్యం లేకుండా ఇది ఎలా చేయాలో విలియం గార్డ్‌నర్ 1995లో చూపించాడు. 1999లో సోనీ సంస్థ దీనికోసమే ప్రత్యేక యంత్రాన్ని తెచ్చింది. ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్ చాలు. రామగిరి ఖిల్లా గోడల మధ్య ఒక బుడగ పగలగొట్టి ఆ మారుమోతను నమోదు చేసుకుంటే, గోదావరిఖని వేదిక మీద ఒగ్గుకథకుడి గొంతు ఆ కోటలో మోగేలా చేయవచ్చు. ఖర్చు లేని పని, చేయదగ్గ పని.

గమకం ముందు యంత్రం

శ్రుతిని పట్టే యంత్రాలన్నిటికీ గట్టి పరీక్ష గమకం. గొంతు శ్రుతిని తెలుసుకోవాలంటే కనీసం రెండు ఆవృత్తులైనా వినాలి. పురుష గాయకుడు ఒకటి శ్రుతిలో, అంటే షడ్జమం సుమారు 130.8 హెర్ట్జ్‌గా పాడుతున్నాడనుకుంటే మంద్ర పంచమం 98 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దాని ఒక్క ఆవృత్తికి పది మిల్లీసెకన్లు, రెండింటికి ఇరవై. యంత్రం ఎంత వేగవంతమైనదైనా ఈ ఇరవైని తగ్గించలేదు, ఎందుకంటే ఆ ధ్వని అప్పటికి ఇంకా పుట్టలేదు. గిటారును సింథసైజర్‌కు కలిపే యంత్రాలను రోలండ్ 1977లో జీఆర్-500తో మొదలుపెట్టిన నాటి నుంచీ లావు తీగల స్వరాలు వెనకబడుతున్నాయన్న ఫిర్యాదుకు మూలం ఇదే.

ఆలస్యం కన్నా లోతైన చిక్కు మరొకటి ఉంది. ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేందుకు 1983లో వచ్చిన మిడి ఒప్పందం స్వరాన్ని 0 నుంచి 127 వరకున్న ఒక సంఖ్యగా చూస్తుంది. ఒక స్వరం మొదలవుతుంది, కొంతసేపు నిలుస్తుంది, ఆగిపోతుంది. పియానో మీటకు ఇది చక్కగా సరిపోతుంది. తోడి రాగంలో సాధారణ గాంధారం అలా నిలవదు. అది రిషభం వైపూ మధ్యమం వైపూ ఊగుతూనే గాంధారం అనిపించుకుంటుంది. ఆ ఊగడం సెకనుకు ఐదు సార్లు జరిగితే ఒక్కో ఊగుకు 200 మిల్లీసెకన్లు. 46 మిల్లీసెకన్ల ముక్కలతో వినే యంత్రానికి అందులో నాలుగో వంతు ఒక్క ముక్కలోనే కలిసిపోతుంది, ఊగు అంచులు సగటులో కరిగిపోతాయి. శ్రుతి సవరించే యంత్రం ఇంకా ముందుకు పోయి ఆ ఊగును రెండు మూడు మెట్లుగా నరుకుతుంది. మెట్ల సంఖ్యను 12 నుంచి 22కు పెంచినా ఫలితం మారదు. మెట్లు ఎన్నున్నా గమకం ఉండేది వాటి నడుమ ప్రయాణంలో. మిడిలో స్వరాన్ని వంచే పిచ్ బెండ్‌కు 16,384 మెట్లున్నాయి కనుక ఆ ప్రయాణాన్ని రాయడం అసాధ్యం కాదు. కాకపోతే యంత్రం దాన్ని తప్పుగా కాక పాటగా గుర్తించాలి. ఆ గుర్తింపు దాని తయారీలోనే లేదు. ఆటో-ట్యూన్‌ను గట్టిగా బిగించి శాస్త్రీయ గాత్రం మీద వాడటం సరైన పని కాదని నిర్మొహమాటంగా చెప్పాలి. జానపద గాత్రానికీ ఇదే వర్తిస్తుంది. పల్లె గాయకులు స్వరం మీదికి కింది నుంచి జారి ఎక్కే తీరులోనే పాట నుడికారం ఉంది.

ఈ వైపున తెలుగు నేల మీద జరిగిన పరిశోధన గర్వించదగ్గది. ఐఐటీ మద్రాసులోనూ ఆ తర్వాత హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ పనిచేసిన బయ్యా యజ్ఞనారాయణ వాక్ సంకేతాల విశ్లేషణలో ప్రపంచ ప్రసిద్ధుడు. కె. శ్రీరామమూర్తితో కలిసి 2008లో ప్రచురించిన పత్రంలో ఆయన గొంతును ముక్కలుగా సగటు చేయకుండా, స్వరతంత్రులు మూసుకునే ఒక్కో క్షణాన్ని విడివిడిగా పట్టే పద్ధతిని చూపించారు. సంకేతాన్ని సున్నా హెర్ట్జ్ దగ్గర అనునాదించే ఫిల్టర్ గుండా పంపి, నెమ్మదిగా మారే భాగాన్ని తీసివేస్తే మిగిలిన తరంగంలో ఆ క్షణాలు స్పష్టంగా బయటపడతాయి. రెండు వరుస క్షణాల నడుమ దూరమే అప్పటి శ్రుతిని చెబుతుంది. నోటి ఆకృతి మార్పులు, పరిసరాల రొద దీన్ని పెద్దగా చెదరగొట్టవు. గమకంలా నిరంతరం కదిలే శ్రుతిని అనుసరించడానికి ఇలాంటి చూపే కావాలి. ప్రత్యక్ష వేదిక మీద వాడాలంటే నెమ్మది మార్పును తీసే దశలో కొన్ని మిల్లీసెకన్ల తర్వాత రాబోయే శాంపిళ్ల కోసం ఆగాల్సి వస్తుంది. అయినా అది భరించగలిగిన ఆలస్యమే.

వాద్యం వైపు నుంచి దారి చూపినవాళ్లూ ఉన్నారు. ఈమని శంకరశాస్త్రి వంటి వైణికులు వీణకు కాంటాక్ట్ మైకు అమర్చి, చివరి దాకా సాగే సన్నని గమకాన్ని పెద్ద సభకు వినిపించారు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ జంట తీగల మాండొలిన్‌ను పక్కనపెట్టి, ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకున్నాడు. జంట తీగలను లాగితే రెండూ ఒకేలా వంగవు, ఒంటి తీగ అయితే గమకం శుద్ధంగా పలుకుతుంది. పికప్ నుంచి వచ్చే ఆ శుద్ధ సంకేతమే ఎలక్ట్రానిక్ ప్రక్రియకూ అనువైనది. కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో ఆయన చేసిన ‘డ్రీమ్’ ఆల్బమ్ 1995లో రియల్ వరల్డ్ సంస్థ ద్వారా వచ్చింది. కర్ణాటక బాణీ వాదనమూ ఎలక్ట్రానిక్‌గా సాగదీసిన గిటారు నాదమూ ఒకదాన్నొకటి మింగకుండా పక్కపక్కన నిలబడటం అందులో వినవచ్చు.

డప్పు, డోలు

స్వరం పట్టే యంత్రానికి డప్పును వినిపిస్తే అది తికమక పడుతుంది. కారణం తోలు. గుండ్రని చర్మం కంపించినప్పుడు పుట్టే పౌనఃపున్యాలు 1, 1.59, 2.14, 2.30 నిష్పత్తుల్లో ఉంటాయి. తీగలో, గొంతులో ఉండే 1, 2, 3, 4 వరుస ఇందులో లేదు. కాబట్టి పునరావృత కాలం దొరకదు, యంత్రం ఒక్కో దెబ్బకు ఒక్కో స్వరం ఊహిస్తుంది. మృదంగం వేరు. దాని కుడి వైపు నల్లని కరణి వల్ల స్వరాంశాలు పూర్ణ సంఖ్యల వరుసకు వస్తాయని సి.వి. రామన్ 1920లోనే నేచర్ పత్రికలో చూపించాడు. మృదంగపు శ్రుతిని యంత్రం పట్టగలదు, డప్పు శ్రుతిని పట్టలేదు.

డప్పులో వినదగ్గవి వేరే ఉన్నాయి. దెబ్బ పడిన క్షణం, దాని బలం, అది సిర్ర దెబ్బా సిటికెన పుల్ల దెబ్బా అన్న రంగు. కుడిచేతి సిర్ర తోలు నడుమ లావైన ధ్వనిని ఇస్తుంది, ఎడమచేతి సన్నని పుల్ల అంచున చురుకైన ధ్వనిని ఇస్తుంది. తక్కువ, ఎక్కువ పౌనఃపున్యాల బలాలను విడివిడిగా కొలిస్తే ఈ రెండూ వేరుపడతాయి. ఆ కొలతతో సింథసైజర్‌లోని మంద్రనాదాన్ని ఒకదానికి, ఫిల్టర్ తెరుచుకోవడాన్ని మరొకదానికి ముడిపెట్టవచ్చు. దీన్ని ఎన్వలప్ ఫాలోయర్ అంటారు. శ్రుతి కొలత లేనందున ఆలస్యం రెండు మూడు మిల్లీసెకన్లకు మించదు. ఇలా చేస్తే డప్పు డప్పుగానే ఉంటుంది, దాని కింద కొత్త నేల ఏర్పడుతుంది. రోలండ్ 1985లో ఆక్టాప్యాడ్‌ను తెచ్చిన నాటి నుంచి మన ఆర్కెస్ట్రాల్లో డప్పు దెబ్బను రికార్డు చేసి ప్యాడు మీద వాయించడం అలవాటైంది. ప్యాడు నుంచి వచ్చేది ఎప్పుడో ఒకనాటి దెబ్బ. మంట మీద కాచిన తోలు వేడి తగ్గేకొద్దీ శ్రుతి దిగుతుంది, దరువు నడుమ మళ్లీ కాచితే ఎక్కుతుంది. ఆ మార్పు ప్యాడులో ఉండదు. ప్రత్యక్ష ప్రక్రియలో మాత్రం తోలు ఎలా మారితే యంత్రపు బదులు అలా మారుతుంది. డప్పు కళాకారుడికి పని పోకుండా పరిధి పెంచే దారి ఇదేనని ఈ వ్యాసకర్త నమ్మకం.

వేదిక మీది పరిస్థితులు

బొగ్గు ప్రాంతపు ఆరుబయట వేదికలకు తమవైన ఇబ్బందులున్నాయి. 1983లో తొలి యూనిట్‌తో మొదలై 2,600 మెగావాట్లకు ఎదిగిన రామగుండం ఎన్టీపీసీ విద్యుత్తు అయినా, జనరేటర్ విద్యుత్తు అయినా 50 హెర్ట్జ్‌దే. ఎర్తింగ్ సరిగా లేకపోతే 50, 100 హెర్ట్జ్‌ల హమ్ మైకు తీగల్లోకి చొరబడుతుంది. పైన చెప్పిన మంద్ర పంచమం 98 హెర్ట్జ్‌కూ ఈ 100కూ తేడా అతి స్వల్పం. గాయకుడు ఊపిరి తీసుకునే ఖాళీలో శ్రుతి పట్టే యంత్రం హమ్‌ను స్వరంగా తీసుకుని మూలుగుతుంది. కింది పౌనఃపున్యాలను పూర్తిగా కోసేస్తే గొంతు అడుగు పోతుంది. ఎర్తింగ్ బాగుచేయడం, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడటం, నిశ్శబ్దంలో దారి మూసే గేటు పెట్టడం అసలు మందులు. స్పీకర్ ధ్వని మళ్లీ మైకులోకి వెళ్లి కూత పెట్టడం మరో బెడద. వోకోడర్, కంప్రెసర్ వంటివి సన్నని ధ్వనిని పెంచుతాయి కాబట్టి కూత త్వరగా మొదలవుతుంది. అందుకని ప్రక్రియకు వెళ్లే మైకును నోటికి బాగా దగ్గరగా, స్పీకర్లకు వెనకగా పెట్టాలి. డప్పుకైతే మైకు బదులు చట్రానికి అంటించే పీజో సెన్సర్ మేలు, అది గాలిలోని ధ్వనిని పెద్దగా పట్టించుకోదు.

నేర్చుకునే చోటు కూడా దగ్గరలోనే ఉంది. రామగిరి మండలం సెంటినరీ కాలనీలో జేఎన్టీయూ హైదరాబాద్ వారి మంథని ఇంజినీరింగ్ కళాశాల ఉంది. ఫూరియే గణన, ఫిల్టర్లు ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల పాఠ్యాంశాలే. ప్యూర్ డేటా ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీదైనా నడుస్తుంది. ఒగ్గుడోలునో డప్పునో పక్కన పెట్టుకుని ఆ పాఠాలు చెప్పుకుంటే ఎన్వలప్ ఫాలోయర్ ఒక్క మధ్యాహ్నంలో తయారవుతుంది.

ఈ మధ్య న్యూరల్ నెట్‌వర్కులు ప్రత్యక్ష ధ్వని ప్రక్రియలోకి వచ్చాయి. 2020లో గూగుల్ పరిశోధకుల డీడీఎస్‌పీ, 2021లో ఇర్కామ్ నుంచి వచ్చిన రేవ్ ఒక గొంతునో వాద్యాన్నో రికార్డింగుల నుంచి నేర్చుకుని, మైకులోకి వచ్చే మరో ధ్వనిని అప్పటికప్పుడే దాని రంగులోకి మార్చగలవు. ఇవి గమకాన్ని మెట్లుగా నరకవు, విన్న కదలికనే అనుసరిస్తాయి. అదే సమయంలో ఒక ఒగ్గుకథకుడి రికార్డింగులు చాలినన్ని దొరికితే ఆయన గొంతు రంగును ఎవరైనా తొడుక్కోవచ్చు. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రదర్శకుడికి తన ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కునిస్తుంది. 2012 సవరణతో చేరిన 38బి, పేరు పేర్కొనాలని కోరే హక్కును, ప్రతిష్ఠకు భంగం కలిగేలా ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కును కల్పించింది. పాట ఎవరు కట్టారో తెలియని జానపద కళల్లోనూ ఈ హక్కు పాడినవారిదే. జాతరల్లో, కాలనీల్లో రికార్డు చేసుకునే బృందాలు కళాకారుడి రాతపూర్వక అనుమతి తీసుకోవడం, రికార్డింగును యంత్రానికి నేర్పడానికి వాడతారో లేదో అందులో స్పష్టంగా రాయడం, ఆదాయంలో ఆయన వాటా ముందే తేల్చడం ఇకపై తప్పనిసరి.